తెల్లన్నం చెప్పే కథ

"జపాను వాళ్లు పూటపూటా అన్నం తింటారు, టెంపురా అని వేపుళ్లూ తింటారు. మనకే ఎందుకమ్మా ఈ పథ్యాలు?" అని అడిగేవాళ్లు మన గోదావరిఖనిలోనూ వున్నారు. జవాబు చరిత్రలోనే వుంది.

టెంపురా వాళ్ల పాత వంట కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లవల్ల వచ్చింది. ఇక తెల్లన్నం సంగతి వినండి. 1883లో ర్యూజో అనే జపాను యుద్ధనౌకలో 376 మందికిగాను 169 మందికి బెరిబెరి జబ్బు పట్టింది. 25 మంది చనిపోయారు. మరుసటి ఏడు తకాకి అనే నౌకాదళ వైద్యుడు అన్నం తగ్గించి, మాంసం, రొట్టె, పాలు చేర్చి ఇంకో నౌకను పంపితే ఒక్కరూ చనిపోలేదు. తవుడుతోబాటు బి1 విటమిన్ పోతుందని తర్వాత తేలింది.

మరి మన మాట? మెట్టపొలాల తెలంగాణలో జొన్నరొట్టె, గటకే రోజువారీ తిండి. వరి అన్నం, సకినాలు పండగ మాట. కాలువ నీళ్లొచ్చాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యమొచ్చింది. పేదల ఆకలి తీరింది, అది చిన్న మేలు కాదు. కాని జొన్న వెనకబడింది.

తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపిన ఫిల్లరుకు ఆ అన్నం అరిగిపోయేది. ఇవాళ ఆ పని యంత్రాలది. అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. ఇప్పటి భయం బెరిబెరి కాదు, చక్కెర జబ్బు.

కాబట్టి సకినాలను సంక్రాంతికే వుంచండి. కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. రాత్రిపూట జొన్నరొట్టెను మళ్లీ పిలవండి. అది మన ఇంటిదేగా!