మందు బ్యాక్టీరియాని మార్చదు, మారినవాటిని మిగులుస్తుంది

పోయిన నెల నాకు బాగా జలుబు చేసి జ్వరం వచ్చింది. ఇంట్లో ఎప్పుడో మిగిలిపోయిన యాంటీబయాటిక్ స్ట్రిప్ ఒకటి కనబడితే, డాక్టర్‌ని అడక్కుండానే రెండు రోజులు వేసుకున్నాను. తగ్గలేదు. మా అమ్మ అంది, "ఆ మందు నీ ఒంటికి అలవాటైపోయిందిరా" అని. మీ ఇంట్లో కూడా ఈ మాట వినే ఉంటారు.

నిజానికి అలవాటు పడేది మన ఒళ్ళు కాదు. మరి బ్యాక్టీరియా అలవాటు పడుతుందా? ఈ ప్రశ్నకి జవాబు 1943లో అమెరికాలో, ఒక డాన్స్ పార్టీలో మొదలైంది.

సాల్వడార్ లూరియా ఇటలీలో పుట్టిన యూదుడు. ముస్సోలినీ పాలన నుంచి తప్పించుకుని పారిస్ వెళ్ళాడు, అక్కడికీ జర్మన్ సైన్యం వచ్చేస్తుంటే అమెరికా చేరాడు. ఇండియానా యూనివర్సిటీలో ఉద్యోగం. ఆయన్ని ఒక విషయం తొలిచేస్తోంది. బ్యాక్టీరియాని చంపే వైరస్‌లు ఉంటాయి. కోట్ల బ్యాక్టీరియా మీద ఆ వైరస్ పోస్తే దాదాపు అన్నీ చస్తాయి, కానీ కొన్ని బతుకుతాయి. వైరస్‌ని చూశాక అవి మారాయా, లేక ముందే మారి ఉన్నాయా?

ఆ పార్టీలో తోటి ప్రొఫెసర్ ఒకాయన స్లాట్ మెషీన్‌లో నాణేలు వేసి పోగొట్టుకుంటున్నాడు. లూరియా ఆటపట్టిస్తున్నాడు. అంతలో ఆయనకి జాక్‌పాట్ కొట్టింది! లూరియాకి అక్కడే ఐడియా తట్టింది.

చాలా ట్యూబుల్లో బ్యాక్టీరియాని విడివిడిగా పెంచి, తర్వాత అన్నిటికీ వైరస్ తగిలిద్దాం. వైరస్‌ని చూశాకే మారేటట్టయితే, ప్రతి ట్యూబులోనూ ఇంచుమించు ఒకే లెక్కలో బతకాలి. అలా కాకుండా పెరిగేటప్పుడే ఏదో ఒకటి అనుకోకుండా మారి ఉంటే? ముత్తాత తరంలో మారితే వంశం మొత్తం బతుకుతుంది, ఆఖరి తరంలో మారితే ఒకటో రెండో. అసలు మారకపోతే సున్నా.

ఒక ప్రయోగంలో 20 ట్యూబులు పెట్టారు. 11 ట్యూబుల్లో సున్నా. ఒకదాంట్లో 64, ఇంకోదాంట్లో ఏకంగా 107! అచ్చం స్లాట్ మెషీన్ లెక్కే. జర్మనీ నుంచి వచ్చిన మాక్స్ డెల్‌బ్రుక్ దీనికి గణితం రాశాడు. ఇద్దరూ కలిసి అదే ఏడాది ప్రచురించారు. 1969లో ఆల్‌ఫ్రెడ్ హెర్షీతో కలిపి నోబెల్ అందుకున్నారు.

అంటే బ్యాక్టీరియా రెండుగా చీలేటప్పుడు, డీఎన్ఏ కాపీ చేయడంలో ఎక్కడో ఒక తప్పు దొర్లుతుంది. ఆ తప్పు శత్రువు రాకముందే జరిగిపోయి ఉంటుంది. శత్రువు వచ్చాక బయటపడుతుంది, అంతే.

కథ ఇక్కడితో అయిపోలేదు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు రీసెర్చ్ డైరెక్టర్‌గా ఉన్న లెడర్లీ ల్యాబ్‌లోంచే 1948లో అది లోకానికి తెలిసింది. సుమారు ఏడేళ్ళకే, 1955లో జపాన్‌లో రక్త విరేచనాలతో బాధపడుతున్న ఒక రోగిలో టెట్రాసైక్లిన్‌తో కలిపి నాలుగు రకాల మందులకీ లొంగని బ్యాక్టీరియా దొరికింది. నాలుగు తప్పులూ ఒకేదాంట్లో అనుకోకుండా జరగడం దాదాపు అసాధ్యం. మరెలా?

1959లో జపాన్ శాస్త్రవేత్తలే జవాబు కనిపెట్టారు. మందుని తట్టుకునే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతి బ్యాక్టీరియాకి నేరుగా వెళ్తున్నాయి. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట వాటిని మోసుకెళ్తుంది. మనం ఫైల్ షేర్ చేసినట్టే, పంపినవాళ్ళ దగ్గరా కాపీ ఉంటుంది.

ఇప్పుడు నా స్ట్రిప్ సంగతికి వద్దాం. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాన్ని యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. కానీ నా పేగుల్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియాని చంపింది. వాటిలో ముందే మారి ఉన్నవి ఏవైనా ఉంటే, వాటికి నేనే చోటు ఖాళీ చేసి ఇచ్చాను. రేపు నాకు నిజంగా ఆ మందు అవసరమైనప్పుడు, అవి తమ జన్యువుల్ని రోగం తెచ్చే బ్యాక్టీరియాకి ఇచ్చేసి ఉండొచ్చు.

అమ్మకి ఇదంతా చెప్పాను. మిగిలిన మాత్రలు ఇక దాచడం మానేసింది. మీ ఇంట్లో కూడా డాక్టర్ రాస్తేనే, రాసినన్ని రోజులే వాడండి.