వెంకటేశ్ అడిగింది

శ్రీనగర్ కాలనీ నుంచి నిమ్స్ ఎంతో దూరం కాదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ నడిచేది అక్కణ్ణించే. అటు వెళ్ళినప్పుడల్లా నాకు 2004 డిసెంబర్ గుర్తొస్తుంది.

కె. వెంకటేశ్, హైదరాబాద్ చెస్ ఆటగాడు. కండరాల్ని క్రమంగా చంపేసే మస్కులర్ డిస్ట్రఫీతో పాతికేళ్ళకే వెంటిలేటర్ మీదకి చేరాడు. అవయవాలు పాడవకముందే వాటిని ఇంకొకరికి ఇచ్చి వెళ్ళిపోవాలన్నది అతని కోరిక. తల్లి సుజాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తలుపు తట్టారు. కోర్టు ఒప్పుకోలేదు. డిసెంబర్ 17న అతను చనిపోయాడు. కళ్ళు మాత్రం దానం చెయ్యగలిగారు.

కోర్టు ముందున్న చట్టం ప్రకారం, వెంటిలేటర్ మీదున్న మనిషి అవయవాలు తియ్యాలంటే బ్రెయిన్ డెత్ నిర్ధారణ కావాలి. వెంకటేశ్ మెదడు పనిచేస్తోంది. పనిచేస్తోంది కాబట్టే అడగగలిగాడు. అడగగలిగాడు కాబట్టే ఇవ్వలేకపోయాడు.

నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి: అవయవాలివ్వడం, వైద్యం వద్దనడం. చనిపోయే హక్కు 21వ అధికరణంలో లేదని ఇదే హైకోర్టు 1987లో చెప్పింది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టూ అదే అంది. 2011లో అరుణా శాన్‌బాగ్ తీర్పుతో తలుపు కొంచెం తెరుచుకుంది. 2018 మార్చి 9న అయిదుగురు జడ్జీల ధర్మాసనం లివింగ్ విల్‌ని గుర్తించింది. కానీ దానిమీద మెజిస్ట్రేట్ సంతకం కావాలంది. అంత తిరిగేదెవరు? 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ చాలు. మనం మాట్లాడలేని స్థితిలో మన తరఫున ఎవరు చెప్పాలో కూడా అందులో రాయాలి. ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆ సమయం వచ్చాక రెండు వైద్య బోర్డులు చూసి ఒప్పుకుంటేనే అమలవుతుంది. ప్రాణం తీసే ఇంజెక్షన్ మాత్రం ఇప్పటికీ నేరమే.

అంటే వెంకటేశ్ అడిగినదాంట్లో సగానికే జవాబొచ్చింది. స్పృహలో ఉన్న రోగి వైద్యం వద్దనొచ్చు. బతికుండగానే అవయవాలన్నీ ఇచ్చి వెళ్ళడం మాత్రం ఇవాళా కుదరదు.

మా ఇంట్లో బీరువా నిండా కాగితాలే: ఎల్ఐసీ బాండ్లు, ఫ్లాట్ దస్తావేజులు. ఈ ఒక్క కాగితం లేదు. మొన్న అమ్మనడిగాను, రేపు ట్యూబులు పెట్టాల్సొస్తే ఏం చెయ్యమంటావని.

"పొద్దున్నే ఏంట్రా ఆ అశుభం మాటలు?" అంది.

రాత్రి అన్నం వడ్డిస్తూ తనే ఎత్తింది.

"సాక్షులు ఎంతమంది కావాలన్నావ్?"

"ఇద్దరమ్మా."