ఇంటి వైఫై: నిజామాబాద్, బోధన్ ప్రాంతం

ఇంట్లోని ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లను తీగ లేకుండా రేడియో తరంగాలతో రౌటర్‌కు కలిపే పద్ధతి వైఫై. దీని సాంకేతిక ప్రమాణం 802.11, తొలిసారి 1997లో వెలువడింది.

నిజామాబాద్ పట్నంలోనైనా, బోధన్, ఎడపల్లి ఊళ్లలోనైనా ఫైబర్ కనెక్షన్ సాధారణంగా స్తంభాల మీదుగా ఇంటికొస్తుంది. గోడకు బిగించే డబ్బా, అంటే రౌటర్, రెండు పనులు చేస్తుంది: ఫైబర్‌లో వచ్చే కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చడం, దాన్ని వైఫైగా గదుల్లోకి పంపడం. ఈ రెండింటినీ విడదీసి చూడటం చాలా అవసరం. డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే చోట ఎర్ర లైటు వెలిగిందంటే బయటి నుంచి కాంతి అందడం లేదు. తీగ తెగిందో, బాగా మడతపడిందో. అప్పుడు కూడా ఫోన్‌లో వైఫై గీతలు నిండుగానే కనిపిస్తాయి, ఎందుకంటే అవి ఫోనుకూ డబ్బాకూ మధ్య సిగ్నల్‌ను మాత్రమే చూపుతాయి. అలాంటప్పుడు రౌటర్ ఆపి వేసినా లాభం లేదు, లైన్‌మన్‌ను పిలవాలి.

రౌటర్లు మామూలుగా రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. మన దేశంలో 2005 నుంచి దీనికి లైసెన్సు అక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడలు అడ్డొస్తే త్వరగా నీరసపడుతుంది. బోధన్‌లో 1937 నాటి నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ పెరిగిన శక్కర్‌నగర్ వంటి చోట్ల మందపాటి గోడల పాత ఇళ్లుంటే లోపలి గదికి 2.4 మేలు. రౌటర్ ఉన్న గదిలో టీవీకి 5 పెట్టుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో వీడియో కాల్ మాట్లాడే ఇళ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఆ కాల్‌కు పెద్ద ప్లాన్ కన్నా తెగని సిగ్నల్ ముఖ్యం. డబ్బాను మెట్ల కింద దాచకుండా ఇంటి నడుమ, ఎత్తున పెట్టిస్తే సగం ఇబ్బంది పోతుంది.

వైఫై 4 (2009 నాటి సాంకేతికత), 5, 6 అన్నవి తరాల సంఖ్యలు, ఈ పేర్లు 2018లో ఖాయమయ్యాయి. పాత ఫోన్ కొత్త రౌటర్‌తో కలుస్తుంది, వేగం మాత్రం ఫోన్ తరానిదే. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అంటే దాదాపు 12.5 మెగాబైట్లు.

పాస్‌వర్డ్ రక్షణకు డబ్ల్యూపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోవాలి. పాత డబ్ల్యూఈపీని తేలిగ్గా ఛేదించవచ్చు. సెట్టింగుల్లో కనిపించినా దాన్ని పెట్టకూడదు.