డ్రమ్ము నుంచి డిస్కు దాకా: అంబాజీపేట దారుల్లో పాత కారు

కోనసీమకు రైలు ఇంకా రాలేదు. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన లైనును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. 2004లో మళ్లీ వేశారు కానీ, అదీ గోదావరి పాయ గౌతమి అవతలి ఒడ్డునే ఆగిపోయింది. రైలు లేని ఈ సీమలో 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక సరుకంతా కాలువల మీద పడవల్లో సాగింది. ఆ తర్వాత ఆ బరువు లారీల మీద పడింది. అమలాపురానికీ పి.గన్నవరానికీ మధ్య ఉన్న అంబాజీపేటలో కురిడీ కొబ్బరిని గండేరా, గటగటా అనే రకాలుగా వేరుచేసి ధర కడతారు. ఆ కొబ్బరి ఉత్తరాదికి చేరాలంటే లారీ కదలాలి, లారీ కదలాలంటే దాన్ని బాగుచేసే చెయ్యి దగ్గర్లో ఉండాలి. కారు మరమ్మతు కూడా ఈ అవసరం నీడనే పెరిగింది. అందుకే ఇక్కడ పాత కారుకు ముందు చక్రాల బ్రేకు డిస్కులు, బాల్ జాయింట్లు మార్చే పనిని ఈ చరిత్రలో భాగంగానే చూడాలి. పాత మెకానిక్ బాగుచేసేవాడు, ఇప్పటివాడు విప్పి బిగిస్తాడంతే అన్నది తరచూ వినే మాట. ఆ మాట సగమే నిజం. పనితనం చేతి నుంచి పోలేదు, లేత్ మిషన్ దగ్గర నుంచి లోపం పట్టే దగ్గరికి జరిగింది.

ఆ సగం నిజం ఏమిటో ముందు చూద్దాం. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రాజ్యమేలిన రోజుల్లో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. లైనర్ అరిగితే రివెట్లు కొట్టి కొత్తది వేసేవారు, డ్రమ్ము గాట్లు పడితే లేత్ మీద చెక్కించేవారు. ముందు చక్రాలు పిన్నులు, బుష్షుల మీద తిరిగేవి. నిపుల్లోంచి గ్రీజు కొడుతూ ఉంటే ఏళ్ల తరబడి నడిచేవి, అరిగితే బుష్షు కొట్టి బిగించేవారు. విడిభాగం కోసం రాజమండ్రికో విజయవాడ ఆటోనగర్‌కో మనిషిని పంపాలి. మధ్యలో పంటు మీద ఏరు దాటాల్సిన దారులు చాలానే ఉండేవి. వంతెన లేని ఊళ్లో భాగం రావడం ఆలస్యమైతే, ఉన్నదాన్నే బతికించడం తప్పనిసరి. కాబట్టి ఆ నేర్పు వెనక దూరం ఉంది, పేదరికం ఉంది, ఆ బండ్ల డిజైనూ ఉంది. దాన్ని ఒక్క మెకానిక్ గొప్పతనంగా చెప్పుకుంటే మిగతా మూడూ మరుగున పడతాయి.

డిజైన్ మారడానికి కారణాలు కోనసీమకు బయట ఉన్నాయి. డిస్క్ బ్రేక్‌కు ఇంగ్లండులో లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. 1953లో లె మాన్ కార్ల పందెం గెలిచిన జాగ్వార్ దాని సత్తా చూపింది, 1955లో సిత్రోయెన్ డీఎస్ దాన్ని మామూలు కొనుగోలుదారుకు అందించింది. మన దగ్గర 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 శకంతోనే ముందు డిస్కులు, బాల్ జాయింట్లు ఊరి మెకానిక్‌కు రోజువారీ పని అయ్యాయి. పిన్నులు, బుష్షుల బదులు వచ్చిన గోళపు కీలు ఈ బాల్ జాయింట్. దాన్ని గ్రీజుతో సహా రబ్బరు బూటులో మూసేసి ఇస్తారు, చాలా కార్లలో దానికి నిపుల్ ఉండదు. డిస్కు ఎంత వరకు అరగవచ్చో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అంతకు మించి అరిగితే తీసేయమనే అర్థం.

చదును నేలకు ఇంత బ్రేకు పని ఏముంటుందని ఎవరైనా అడగవచ్చు. ఘాట్ రోడ్డు లేని మాట నిజమే, డిస్కు వేడెక్కి పాడవడం ఇక్కడ తక్కువే. అయితే ఉప్పుగాలి, తేమ కలిసి నిలిపి ఉంచిన కారు డిస్కును తుప్పు పట్టిస్తాయి. గోతుల దెబ్బకు బూటు చిరిగితే బురదనీరు లోపలికి పోయి గ్రీజును కడిగేస్తుంది, ఇసుక రేణువు గోళాన్ని కోసేస్తుంది. కాలువ గట్టు మీద మలుపులో బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. మిట్టపల్లాలు లేని నేల కూడా ఈ ప్రమాదం నుంచి కాపాడదు.

ఇక పాత డిస్కునే చెక్కిస్తే ఖర్చు తప్పుతుంది కదా అన్న ప్రశ్న ఉంది. మందం మిగిలి ఉంటే చెక్కించవచ్చు. తుప్పు రెండు వైపులా గుంటలు తవ్వాక వాటిని చదును చేసేసరికి డిస్కు హద్దు దాటి పలచబడుతుంది, పలచటి డిస్కు వేడిని తట్టుకోలేదు. ఎప్పుడు చెక్కించాలో ఎప్పుడు పారేయాలో చెప్పేది మైక్రోమీటర్, దాన్ని పట్టుకునే మనిషి. అసలు పరీక్ష అంతకు ముందే మొదలవుతుంది. జాకీ మీద లేపిన చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఊగుతుంది. ఆ ఊగు బేరింగ్‌దా, జాయింట్‌దా? ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపితే, ఊగు ఆగిపోయిందంటే బేరింగ్ మీద అనుమానం, ఆగలేదంటే జాయింట్ మీద. కొత్త డిస్కు ఎక్కించే ముందు హబ్ ముఖం మీది తుప్పు పొర గీకకపోతే అక్కడి వెంట్రుక మందం వంకర అంచు దగ్గరకొచ్చేసరికి ఎక్కువవుతుంది, కొన్నాళ్లకు పెడల్ కింద పాదం అదురుతుంది. భాగం కొత్తదైనంత మాత్రాన ఈ తప్పు సరికాదు.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంకా రోడ్డు మీదున్న పాత కార్లను నిలబెట్టేది విడిభాగాల దుకాణమే అనుకుంటే పొరపాటు. దుకాణం అడిగింది ఇస్తుంది, ఏం అడగాలో చెప్పదు. ఈ వృత్తిలో కొత్తగా చేరే కుర్రాడికి స్పానర్ పట్టడం వారంలో వస్తుంది, ఊగే చక్రం ఎందుకు ఊగుతోందో తేల్చడానికి ఏళ్లు పడతాయి. షెడ్డులో కూలి లెక్క మాత్రం నేటికీ బిగించిన భాగాన్ని బట్టే కడుతున్నారు. ఏది మార్చనక్కర్లేదో చెప్పినందుకు కూడా కూలి ఇచ్చే రోజు వస్తే, పాత లేత్ పనికి దక్కిన గౌరవం ఈ కొత్త నేర్పుకూ దక్కుతుంది.