బరిలో ఎవరున్నారు?

సంక్రాంతి నెలలో మన పత్రికలకు ‘బరి’ లేనిదే పొద్దుపోదు. భీమవరం వైపు పుంజులు బరిలో దిగుతాయి. పండగకు విడుదలయ్యే సినిమాలు ‘సంక్రాంతి బరి’లో ఉంటాయి. ఆ సందడి సద్దుమణగకముందే ‘ఆస్కార్ బరి’ మొదలవుతుంది.

బరి అంటే హద్దు, గీసిన గీత. ఆ గీత లోపలి చోటుకూ అదే పేరు స్థిరపడింది. పాత అర్థం ‘బరితెగించు’లో భద్రంగా ఉంది: సిగ్గూ వెరపూ విడిచి గీత దాటడం. బరిలో దిగితే మెప్పు, బరితెగిస్తే తిట్టు.

ఆస్కార్ వారి మాట ‘నామినీ’. దాని వెనకున్న లాటిన్ ‘నోమెన్’, మన ‘నామం’ ఒకే మూలానికి చెందిన దాయాదులు. అయినా మనకు నామినీ అనగానే గుర్తొచ్చేది బీమా కాగితం: పేరు రాసి ఉంటే సొమ్ము చేరే మనిషి. ఎన్నికల నామినేషన్ అయితే పోటీ చేసేవాడే వేసుకుంటాడు. ఆస్కార్‌లో పేరుపడితే సొమ్ము చేరదు, ఎవరి పేరు వారు వేసుకోవడమూ కుదరదు. నటులను నటులు, ఎడిటర్లను ఎడిటర్లు, పాటలను సంగీత విభాగం సభ్యులు ఎంచుతారు. తుది ఓటు మాత్రం అకాడమీ సభ్యులందరిదీ. బీమా వాసన, ఎన్నికల వాసన అంటని మాట కావలసి వచ్చినప్పుడు ‘బరి’ చక్కగా ఆదుకుంది. పేరు ఎవరు చెప్పారన్నది పక్కనపెట్టి, పోటీలో ఎవరు నిలిచారో అది చెబుతుంది.

చిక్కల్లా ఆ గీతను మనమే చెరిపేయడంలో ఉంది. 2023 ఆస్కార్లనే చూడండి. మన దేశం అధికారికంగా పంపిన చిత్రం గుజరాతీ ‘ఛెల్లో షో’. ‘ఆర్ఆర్ఆర్’ను దాని నిర్మాణ పక్షమే సాధారణ విభాగాల్లో పరిశీలనకు పెట్టింది. అప్పుడే అది ‘బరిలో’ ఉందన్నాం. అందులోని పాట ‘నాటు నాటు’ 15 పాటల వడపోత జాబితాకెక్కింది, మళ్లీ ‘బరిలో’. ఉత్తమ చిత్రం పరిశీలనకు అర్హత ఉన్న 301 సినిమాల జాబితా వచ్చింది. అందులోని భారతీయ చిత్రాలన్నీ ‘బరిలో’. అర్హత ఉండటం వేరు, ఎంపిక కావడం వేరు. ఆ 301లో చివరికి ఉత్తమ చిత్రం నామినేషన్ దక్కింది 10 చిత్రాలకే.

జనవరి 24న ‘నాటు నాటు’ తుది అయిదు పాటల్లో ఒకటిగా నిలిచింది. అసలు బరి అది. గీత లోపల ఎదుట లేడీ గాగా, రిహానా పాటలున్నాయి. డయాన్ వారెన్ రాసిన ‘అప్లాజ్’ ఉంది. ఆమెకది 14వ నామినేషన్, అప్పటిదాకా పోటీలో ఒక్క గెలుపూ లేదు. అంతటివాళ్ల మధ్య నిలబడి మార్చి 12 రాత్రి లాస్ ఏంజెలస్‌లో ఆ పాట స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నారు. ఎవరితో తలపడ్డారో తెలిస్తేనే గెలుపు విలువ తెలుస్తుంది. 301 చిత్రాలకూ ‘బరి’ అనేస్తే, ఆ అయిదు పాటలకు మిగిలే మాటేది?

కోడిపందేల వాళ్లకు ఈ తికమక లేదు. జత కుదిరిన పుంజులే గీత లోపలికొస్తాయి. మైదానానికి తెచ్చిన ప్రతి కోడినీ బరిలో ఉందని ఎవరూ అనరు.

పత్రికల వారికి మనవి. పంపినదాన్ని ‘ఎంట్రీ’ అనండి, అర్హత ఉన్నదాన్ని ‘పరిశీలనలో ఉంది’ అనండి, వడపోతలో మిగిలినదాన్ని ‘షార్ట్‌లిస్ట్ అయింది’ అనండి. ‘బరి’ని నామినీలకే వదిలిపెట్టండి.