చిత్రిక నేర్పు, మిగిలిన కాలం

చేతి పనిముట్ల వడ్రంగం నిదానమైనది గనుక యంత్రం ముందు ఓడిపోయిందని ఒక్క వాక్యంలో చరిత్రను ముగించేవారున్నారు. ఆ వాక్యంలో సగం నిజం వుంది. తక్కిన సగం నిజాన్ని కప్పిపుచ్చుతుంది. శ్రమను పొదుపు చేయడం యంత్రంతో పుట్టలేదు. అది వడ్రంగి చేతిలో అంతకు ముందే వుంది. మారిందల్లా ఆ పొదుపు మీద పెత్తనం ఎవరిదన్నదే. యంత్ర పరిశ్రమకు పుట్టిల్లయిన ఇంగ్లండు చరిత్ర నుంచే ఈ మాట నిరూపించదలిచాను.

లండనులో భూగోళాలూ పటాలూ తయారుచేసిన జోసెఫ్ మోక్సన్ 1678 నుంచి చేతివృత్తులను వివరిస్తూ ఒక గ్రంథాన్ని భాగాలుగా ప్రకటించాడు. అందులో వడ్రంగి వాడే చిత్రికల వివరం వుంది. మొదట పట్టేది ముతక చిత్రిక. దాని అలుగు అంచు తిన్నగా వుండదు, నడుమ కాస్త ఉబ్బి వుంటుంది. అందుచేత మూలలు చెక్కలో దిగబడవు, మందమైన పొట్టు లేస్తుంది. ఎగుడుదిగుళ్ళు త్వరగా పోతాయి. తరువాతది పొడుగు చిత్రిక. దాని అడుగు మిట్టల మీద ఆని పల్లాలను దాటిపోతుంది గనుక మిట్టలే తెగి పలక చదునవుతుంది. చివరిది పొట్టిదైన నునుపు చిత్రిక. ముందు పని సరిగా జరిగితే దీనికి నాలుగు తోపుళ్ళు చాలు.

ఇందులో ఒక శాస్త్రం వుంది. ముతక పనిముట్టు చేయగలిగినదంతా దానిచేతనే చేయించి, సన్నపు పనిముట్టుకు వీలైనంత తక్కువ మిగల్చాలి. అంతేకాదు, కంటికీ చేతికీ తగిలేచోటనే నునుపు తేవాలి. 18వ శతాబ్దపు ఆంగ్ల బల్లల అడుగునా, బీరువాల వెనుకా తడిమి చూస్తే ముతక చిత్రిక వదలిన చాళ్ళు నేటికీ చేతికి తగులుతాయి. అది అలసత్వం కాదు, లెక్క. ఎక్కడ శ్రమపడాలో, ఎక్కడ మానాలో నిర్ణయించినవాడు పనివాడు.

పనిముట్లు కూడా సాధారణంగా అతనివే. 1796లో చాతమ్ పట్టణంలో జోసెఫ్ సీటన్ అనే వడ్రంగి తన కొడుకు బెంజమిన్‌కు లండనులోని గాబ్రియేల్ దుకాణం నుంచి పనిముట్లు కొనిచ్చాడు. వాటికోసం కొడుకు స్వయంగా చేసుకున్న పెట్టె రోచెస్టరు మ్యూజియంలో భద్రంగా వుంది. అయితే, పనిముట్లు తనవైనంత మాత్రాన పనివాడు స్వతంత్రుడైపోయాడా? లేదు. అదే చాతమ్‌లోని ప్రభుత్వ నౌకా నిర్మాణశాల సంగతి చూడండి.

అక్కడి వడ్రంగులకు పనిలో మిగిలిన చెక్కపేళ్ళు ఇంటికి తీసుకుపోయే హక్కు పూర్వం నుంచీ వుండేది. అది వాళ్ళ కూలిలో భాగం. అధికారులు దాన్ని దొంగతనం అన్నారు, ఆంక్షలు పెట్టారు, చివరకు 1801లో రద్దు చేసి బదులుగా కొంత నగదు యిచ్చారు. ఆ సంస్కరణల కాలంలో నౌకాదళ నిర్మాణాలను తనిఖీ చేసే పెద్ద అధికారి సామ్యూల్ బెంథామ్. 1790ల్లోనే అతడు చిత్రిక పట్టే యంత్రాలకు పేటెంట్లు తీసుకున్నాడు. అతని అన్న, తత్వవేత్త జెరెమీ బెంథామ్, ఒక ఆదర్శ కారాగారాన్ని ఊహించి, వడ్రంగం రాని ఖైదీలచేత ఆ యంత్రాలను నడిపించాలనుకున్నాడు. యంత్రం మీద వాళ్ళ ఆశ వేగం ఒక్కటే కాదు. పనివాడి నేర్పు అక్కరలేకుండా చేయడం కూడా.

ఆ ఆశ పోర్ట్స్‌మత్‌లో ఫలించింది. ఓడ తాళ్ళకు కావలసిన కప్పీలు చేయడానికి మార్క్ బ్రూనెల్ యంత్రాలు రూపొందించాడు, హెన్రీ మాడ్స్‌లే నిర్మించాడు. 1808లో అక్కడ 1,30,000 కప్పీలు తయారయ్యాయి. 110 మంది నేర్పరుల పనిని నేర్పులేని 10 మంది చేయగలిగారని చరిత్రకారులు రాస్తారు. మరి తక్కిన 100 మందికి మిగిలిన కాలం ఎవరి ఖాతాలో పడింది? ప్రశంసా వాక్యాలలో ఆ ప్రశ్న కనిపించదు.

దోషం యంత్రానిదేనా? అలా అనుకునేవారికి హెన్రీ మేహ్యూ 1850లో లండను వడ్రంగులపై రాసిన వ్యాసాలు సమాధానం చెబుతాయి. కొన్ని కార్ఖానాలలో మేస్త్రీ కంటి ముందు మాటామంతీ లేకుండా, ఊపిరి సలపకుండా పనిచేయించేవారు. అక్కడున్నవీ అవే రంపాలు, అవే చిత్రికలు. కాని ఎక్కడ ఆగాలో నిర్ణయించే హక్కు పనివాడికి పోయింది. చిత్రిక మారకుండానే నేర్పు బానిసత్వంగా మారింది.

కనుక పాత పనిముట్ల కోసం నేను కన్నీరు కార్చడం లేదు. రంపపు గుంటలో కింద నిలబడి, కళ్ళలో పొట్టు రాలుతుండగా దూలాలు కోసినవాడి కష్టాన్ని యంత్రం తీర్చింది. అది మానవజాతికి లాభమే. విద్యార్థి మిత్రులు ఏ సాంకేతిక పురోగతిని గురించి చదివినా, ఎంత కాలం మిగిలిందన్న లెక్కతో తృప్తిపడకూడదు. ఆ మిగిలిన కాలం శ్రమజీవికి విశ్రాంతి అయిందా, యజమానికి లాభమయిందా, లేక పనిలేని వాడికి ఆకలి అయిందా అని అడగాలి. ఆ జవాబు పనిముట్టులో దొరకదు. పనిమీద పెత్తనం ఎవరిదో చూస్తే దొరుకుతుంది.