ఆగని నవ్వు

1962 జనవరి 30. టాంగన్యికా (ఇప్పటి టాంజానియా) దేశంలో, విక్టోరియా సరస్సుకు పడమటి దిక్కున, బుకోబా పట్నానికి నలభై కిలోమీటర్ల దూరంలో కషాషా అనే పల్లె. చుట్టూ అరటి తోటలు. మీరు నిలబడ్డది మిషనరీలు నడిపే ఆడపిల్లల హాస్టల్ బడిలో.

ముగ్గురు పిల్లలు నవ్వుతున్నారు. ఏదో జోకు పేలిందనుకుని మీరూ నవ్వబోతారు. దగ్గరికి వెళ్లాక నోట మాట రాదు. ఆ మొహాల్లో సంతోషం ఆనవాలే లేదు. నవ్వు ఏడుపులోకి జారుతోంది, ఏడుపు మళ్లీ నవ్వులోకి తిరుగుతోంది. ఆపబోయి చెయ్యి పట్టుకుంటే పిల్ల విదిలించుకుంటుంది, కలబడుతుంది. తలలో ఏవో కదులుతున్నాయంటుంది. ఎవరో వెంటపడి తరుముతున్నారంటుంది. కాసేపటికి సద్దుమణుగుతుంది. అమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలు.

రోజులు గడిచేకొద్దీ నవ్వే పిల్లలు పెరుగుతున్నారు. అందరూ 12 నుంచి 18 ఏళ్ల లోపువాళ్లే. కొందరికి కొన్ని గంటల్లో తగ్గింది, కొందరిని 16 రోజుల దాకా వదల్లేదు. మొత్తం 159 మందిలో 95 మంది దీని బారిన పడ్డారు. పాఠాలు సాగే దారి లేక మార్చి 18న బడి మూసేశారు.

మూటాముల్లె సర్దుకుని పిల్లలు ఇళ్లకు బయల్దేరారు. పది రోజులు తిరక్కుండానే, వాళ్లలో కొందరి సొంతూరు న్షాంబాలో అదే నవ్వు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ 217 మందికి సోకింది. జూన్‌లో రమషెన్యే బడిలో 154 మంది అమ్మాయిల్లో 48 మంది. మే 21న తిరిగి తెరిచిన కషాషా బడికి జూన్ ఆఖరుకల్లా మళ్లీ తాళం పడింది.

ఇప్పుడు పరీక్షిస్తున్న డాక్టర్ల పక్కన నిలబడండి. జ్వరం లేదు. మోకాలి కింద తడితే కాలు మామూలుకంటే గట్టిగా ఎగురుతోంది, కంటిపాప కాస్త విచ్చుకుని ఉంది, అంతే. నెత్తురు పరీక్షించారు, వెన్నులోంచి నీరు తీసి చూశారు, తిండిలో విషం కలిసిందేమోనని వెతికారు. ఎక్కడా ఏమీ దొరకలేదు. అణుబాంబు పరీక్షల వల్ల గాలి చెడిందన్న మాట కూడా జనంలో పుట్టింది.

కానీ కషాషా బడిలోనే ఉన్న టీచర్లను చూడండి. అదే గాలి, అదే నీళ్లు. వాళ్లలో ఒక్కరికీ రాలేదు. ఊళ్లలోనూ అంతే: చదువుకున్నవాళ్లకూ, పదిమందిలో మాట చెల్లేవాళ్లకూ ఇది సోకలేదు. విషమైతే మనిషి హోదా చూసి ఎక్కుతుందా?

నా మనసుకు తగిలేది ఇక్కడే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. ఇల్లు ఒకలా పెంచింది, మిషన్ బడి ఇంకొకలా ఉండమంటోంది. రేపటి మీద పెద్దల ఆశలన్నీ ఈ పిల్లల నెత్తినే. భయమేస్తోందని చెప్పుకోవడానికి చోటు లేనప్పుడు ఒక పిల్ల ఒళ్లు ముందు తిరగబడింది. అదే భయం మోస్తున్న పక్క పిల్ల అది కళ్లారా చూసింది, ఆమె ఒళ్లూ పట్టు తప్పింది. ఇలాంటి జబ్బు చూపు ద్వారా, చెలిమి ద్వారా పాకుతుంది. అందులో నటన లేదు; బాధ అక్షరాలా నిజం.

దీనివల్ల ఒక్క ప్రాణమూ పోలేదు. అందుకేనేమో లోకం దీన్ని ‘నవ్వుల మహమ్మారి’ అని వింత కబురులా చెప్పుకుంటుంది. ఆ పిల్లల ఎదురుగా ఒక్క గంట నిలబడ్డవాళ్లెవరూ అలా చెప్పుకోలేరు. ఏ హాస్టల్లోనైనా పిల్లలు ఒకరి వెనక ఒకరు ఇలా అయిపోతుంటే, తిండినీ నీళ్లనూ పరీక్షించాల్సిందే. వాటితోపాటు ఒక్కో పిల్లనూ విడిగా కూర్చోబెట్టుకుని, దేనికి భయపడుతున్నావమ్మా అని అడగాలి. ‘నాటకాలాడుతున్నారు’ అన్న మాట మాత్రం పెద్దల నోట రాకూడదు.